భూలి ఏడుపు, సుక్కి ఏడుపు

మిర్యాలగూడ
14 జూన్ 1996

అరుంధతక్కా,

మా యాడి పోయింది. అమ్మను మా భాషలో యాడి అంటారని నీకు నేర్పింది ఆమే కాబట్టి వేరే మాట రాయబుద్ధి కాలేదు. పెద్దగా బాధపడలేదు. పొద్దున త్రిపురారం పోయేవాళ్లతో ఉల్లిగడ్డలు తెమ్మని చెప్పి మంచం మీద ఒరిగింది, అంతే. ఆ గడబిడలో నీకు కబురు చేయలేకపోయాను. ఏమీ అనుకోకు.

ఈ ఉత్తరానికి ఇంకో కారణం కూడా ఉంది. దినాలు అయిన మర్నాడు తండా ఆడవాళ్లందరూ మా వాకిట్లో కూర్చున్నారు. సుక్కి చిన్నమ్మ నీకు తెలుసు కదా, యాడి కోడలిగా వచ్చిన ఏడే ఆమె కూడా ఈ తండాకు వచ్చింది. ఉన్నట్టుండి అంది: "భూలి పెండ్లినాడు ఏడ్సిన ఏడుపు ఎవలన్న సెప్పుండ్రి. ఒకపారి ఇనాలె." యాడి ఏడుపు ఒక్కరికీ రాలేదు. నాకు మొదటి మాటలు తప్ప గుర్తుకు రాలేదు. కన్నకూతుర్ని!

పెళ్లికూతురు ఏడిస్తే అది పాట ఎట్లా అవుతుందని నువ్వు అప్పట్లో నన్ను అడిగేదానివి. ఢావ్లో అంటే అదే కదా. అత్తగారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకొని, తన మాటలు తానే కట్టుకొని ఏడుస్తుంది. ఒకరిది ఇంకొకరు ఏడవరు. ఎవరి ఏడుపు వాళ్లదే, ఎవరి పేరు వాళ్లకున్నట్టు.

అవన్నీ మనం ఎక్కించి పెట్టాం. ఎనభై ఎనిమిదిలో మన బడికి ఆ బీబీసీ కంప్యూటర్ వచ్చినప్పుడు, సైన్సు మాస్టారు దావీదన్న గళ్ల కాగితం మీద తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ చుక్కలతో గీసి దానికి నేర్పాడు. తండాలో మా వాకిట్లో కూర్చొని ఇద్దరం వినేవాళ్లం, వచ్చి నేను తెలుగులో చెప్పేదాన్ని, తెలుగు పండిట్‌వి కాబట్టి నువ్వు సరిచూసేదానివి. ఎండాకాలం సెలవులన్నీ ఆ గదిలోనే. ఆ కంప్యూటర్ విరిగిన బెంచీలతో పాటు వేలంలో పోయింది. ఫ్లాపీలు మాత్రం నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఒకటి దీనితో పాటు పంపుతున్నాను. మీ కాలేజీలో తెరిచి చూడవా? యాడి గొంతు ఎట్లాగూ రాదు. మాటలైనా రావాలి.

నీ
కమల


సూర్యాపేట
2 జులై 1996

కమలా,

నీ ఉత్తరం చూసిన రోజు క్లాసు చెప్పలేకపోయాను. నాకు వచ్చిన మొదటి లంబాడీ మాట బాటి. రొట్టె. మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ యాడి నా పళ్లెంలో ఇంకోటి వేసి, "పంతులమ్మా, ముందుగాల తిను. రాసుడు యాడికి పోతది?" అనేది. నేను నవ్వితే, ఎందుకు నవ్వుతున్నానో ఆమెకు తెలిసేది కాదు. 'యాడికి' అంటే ఎక్కడికి అని మీ తెలుగులో, అందులోని 'యాడి' మీ భాషలో అమ్మ. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

ఫ్లాపీని మా కంప్యూటర్ గదికి తీసుకుపోయాను. అందులో పెట్టగానే కాసేపు గరగరలాడి, ఇలాంటిది నేను చదవలేనని తెర మీద రాసింది. ఆ గది చూసే ఆయన ఫ్లాపీని తిప్పి తిప్పి చూసి, "మేడం, దీన్ని చదివే మిషన్లు చచ్చి చాలా రోజులైంది" అన్నాడు. చచ్చి అనే మాట వాడాడు. ఆయనకు మన సంగతి తెలియదులే.

దావీదు గారిని అడగాలి. ఆయన ఉద్యోగం వదిలేసి కోదాడలో కంప్యూటర్ ట్రైనింగు సెంటరు పెట్టాడని విన్నాను. నువ్వు ఒకసారి పోయి కలువు. అన్ని ఫ్లాపీలూ తీసుకుపో. నేను కదలలేను. ప్రతి జూన్‌లోలాగే ఈ జూన్‌లోనూ నా ఆర్డరు రాలేదు. తాత్కాలిక లెక్చరర్ అనే మాటలో తాత్కాలికం ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. పేరు మీద ఒక పుస్తకమైనా ఉంటే గట్టిగా అడిగేదాన్ని.

అవి తెరుచుకుంటే మొదట నాకే రాయి.

అరుంధతి


మిర్యాలగూడ
22 సెప్టెంబర్ 1996

అరుంధతక్కా,

తెరుచుకున్నాయి!

జరిగింది జరిగినట్టు రాస్తాను. మొదటిసారి పోయినప్పుడు దావీదన్న ఫ్లాపీలు దీపం దగ్గర పెట్టి చూసి పెదవి విరిచాడు. కొన్నిటికి బూజు పట్టింది. ఆయన మాట అట్లాగే ఉంది, సొంతూరు మోతె యాస పోలేదు గానీ కోదాడ గాలి కొంచెం తగిలింది. "ముందు పాత మిషన్ ఒకటి దొరకాలి చెల్లె. దానితోటి ఫ్లాపీ చదివించి, వైరు ద్వారా కొత్త కంప్యూటర్లకు పంపాలె" అన్నాడు. తెలిసిన బళ్లన్నీ తిరిగి, ఒక బడి సామాన్ల గదిలో పగిలిన గ్లోబుల కింద ఒక బీబీసీ పెట్టెను పట్టుకున్నాడట. కరెంటు పెట్టగానే పొగ వచ్చిందట. కండెన్సరు మార్చి మళ్లీ లేపాడు.

మొన్న ఆదివారం రమ్మని ఉత్తరం రాస్తే పోయాను. ఆయన ముందుగా కొత్త కంప్యూటర్‌లో నేరుగా మన ఫైళ్లు చూపించాడు. ఏవో గీతలు, చుక్కలు, ఇంగ్లీషు అక్షరాలు.

"గాబరా పడకు. మన తెలుగు అక్షరాలు మనం గీసుకున్నవి. ఆ గీత పాత పెట్టెకే ఎరుక. ఈ పెట్టెకు తెల్వదు" అన్నాడు. ఆ తర్వాత ఇంకో ప్రోగ్రాం నడిపించాడు. దాని పేరు ఎమ్యులేటర్. హైదరాబాదులో ఇంటర్నెట్ ఉన్న స్నేహితుడు పంపాడట. "గిది ఏం చేస్తదంటే, కొత్త పెట్టె లోపల పాత పెట్టె వేషం కడ్తది."

"వేషమే గద అన్నా. నిజం ఎట్లయితది?"

"మన ప్రోగ్రాముకు ఏం తెలుస్తది? అది ఏం అడిగినా పాత పెట్టె చెప్పినట్టే జవాబు వస్తుంటే, తన ఇంట్లనే ఉన్ననుకుంటది. అప్పుడు ఎట్ల పనిచేసిందో గట్లనే చేస్తది."

తెర నల్లబడింది. ఆ పాత పెట్టె వేసే 'బీప్' అనే కూత వినపడింది, అక్కా. ఆ కూతకే నాకు ఏడుపొచ్చింది. ఆ వెనుక మనం పెట్టుకున్న మొదటి పేజీ. తర్వాత యాడి ఏడుపు.

యాడీ, కొంగుకు బాటి కడుతున్నావు,
దారిలో ఆకలవుతుందని.
నీ వాకిలి దాటాక అయ్యే ఆకలికి
ఏ కొంగున ఏమి కడతావు?

కింద పసుపు పట్టీలో 'భూలి' అని పేరు. మనమే పట్టుబట్టి పెట్టించాం కదా, ప్రతి ఏడుపు కిందా ఏడ్చినామె పేరు ఉండాలని. సుక్కి చిన్నమ్మదీ బాగానే ఉంది. మా తండాలోని కేళి ఒక్కదానిది పోయింది. ఆమె ఏడుపు ఉన్న ఫ్లాపీని బూజు తినేసింది. పేర్లు మాత్రం వేరే చోట, ప్రోగ్రాములోనే ఉన్నాయట. అందుకని ఆ పేజీ తిప్పితే పైనంతా నల్లగా ఖాళీ, కింద 'కేళి' అని పేరు. కేళి కూడా లేదు, పోయిన ఏడే పోయింది.

నువ్వు వచ్చి చూడు. అన్నకు చెప్పాను, నువ్వు ఏది అడిగితే అది ఇమ్మని.

నీ
కమల


సూర్యాపేట
8 డిసెంబర్ 1996

కమలా,

కోదాడ వెళ్లి వచ్చాను. దావీదు గారికి ఓపిక ఎక్కువ. ఆయన ఎమ్యులేటర్‌లో చూస్తే చూడవచ్చు గానీ, దాన్ని పట్టుకొని నేను పని చేయలేను. నాకు కాగితం మీద కావాలి. అందుకని పాటల ఫైళ్లు మాత్రం తెచ్చుకున్నాను. ఏ గుర్తు ఏ తెలుగు అక్షరమో దావీదు గారు పట్టిక ఇచ్చారు. దాని ప్రకారం మా కాలేజీలో ఇప్పటి తెలుగులోకి మార్పించాను. పాటలన్నీ ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టుకున్నాను. ఎంత సంపదరా ఇది! మనకే తెలియలేదు.

అయితే నాకు చాలా చోట్ల అర్థం తెలియడం లేదు. మాటలన్నీ వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. నువ్వు తండాలో అడిగి రాసి పంపాలి. ఏ సందర్భం, ఎవరిని పట్టుకొని ఏడుస్తున్నది, ఆ వస్తువు ఎట్లా ఉంటుంది, అన్నీ కావాలి. నీకు శ్రమే. కానీ నువ్వు తప్ప నాకు దిక్కు ఎవరు?

దీన్నొక పుస్తకంగా చేయాలని ఉంది. మన పని వృథా పోకూడదు.

అరుంధతి


మిర్యాలగూడ
23 ఫిబ్రవరి 1997

అరుంధతక్కా,

నీ మాటలన్నిటికీ అర్థాలు రాసి దీనితో పెట్టాను. తండాకు పోయిన ప్రతి ఆదివారం సుక్కి చిన్నమ్మ దగ్గరే కూర్చున్నాను. ఆమెకు ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి గానీ, జ్ఞాపకానికి ఏమీ పట్టలేదు. 'గుంజ' అని నువ్వు గుర్తు పెట్టిన చోట ఆమె చెప్పింది వినాలి.

"అందరు యాడి మెడ వట్టుకుంటరు. మా యాడి నేను సిన్నగున్నప్పుడే పాయె. నాకు ఎవలున్నరు? పందిట్ల గుంజను వట్టుకొని ఏడ్సిన. సూసినోళ్లు నవ్విన్రు. నవ్వుతె నవ్వనీ."

ఆమె ఏడుపు నీ దగ్గర ఉంది కదా. అయినా మళ్లీ రాస్తున్నాను, ఆమె నోటి నుంచి వింటూ రాసుకున్నాను కాబట్టి.

అందరికీ పట్టుకోను యాడి మెడ ఉంది,
నాకు గుంజ దొరికింది.
గుంజా, గట్టిగా పట్టుకో.
నీకు చేతులు లేవు, నాకు యాడి లేదు.

కంప్యూటర్‌లో తన ఏడుపు ఇంకా ఉందంటే ముందు నమ్మలేదు. "నా పేరు గూడ ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. "అయితే సరే. నా ఏడుపు నా పేరు మీదనే ఉండాలె. భూలిది భూలి మీద" అంది.

అక్కా, ఒక సంగతి. నువ్వు తెచ్చుకున్న ఫైళ్లలో పేర్లు ఉండవని దావీదన్న చెప్పాడు. అవి ప్రోగ్రాములో ఉన్నాయి కాబట్టి, ఎమ్యులేటర్‌లో నడిపించి చూస్తేనే ఏది ఎవరిదో కనపడుతుందట. నువ్వు రాసుకొని ఉంటావనుకో. లేకపోతే నేను కోదాడ పోయి వరుసగా రాసి పంపుతాను. నీ పుస్తకంలో తప్పు పడకూడదు.

నీ
కమల


సూర్యాపేట
19 నవంబర్ 1997

కమలా,

ఇన్నాళ్లూ రాయలేకపోయాను. నీ రెండు ఉత్తరాలూ అందాయి. పరీక్షలు, ఇంటర్వ్యూలు, ప్రెస్సు చుట్టూ తిరగడం. పుస్తకం అచ్చు పూర్తి కావచ్చింది. జనవరిలో సూర్యాపేటలోనే ఆవిష్కరణ. నువ్వు తప్పకుండా రావాలి. వేదిక మీద ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ముందు వరసలో నీకు కుర్చీ వేయిస్తాను.

పేర్ల గురించి అడిగావు. అది చిన్న విషయం కాదు, ఎదురుపడినప్పుడు మాట్లాడుకుందాం. జానపద సాహిత్యం జాతి మొత్తానిది. ముందుమాట రాసిన పెద్దలు కూడా ఆ మాటే అన్నారు. నా తొలిపలుకులో తండా స్త్రీలందరికీ కృతజ్ఞతలు చెప్పాను.

దావీదు గారికి కూడా చెప్పు.

అరుంధతి


మిర్యాలగూడ
1 ఫిబ్రవరి 1998

అరుంధతి గారికి,

ఆవిష్కరణకు నేను రాలేదు. మీరు గమనించారో లేదో. మీ పుస్తకం మా బడి లైబ్రరీకి వచ్చింది. దాన్ని ఇంటికి తెచ్చుకొని చదివాను.

నా గురించి 'ఒక స్థానిక ఉపాధ్యాయిని' అని రాశారు. ఆ మాట మీద నాకు పట్టింపు లేదు. నా పేరు లేకపోతే నష్టం లేదు, నేను ఏడవలేదు కదా అందులో.

పుస్తకం తీసుకొని తండాకు పోయాను. సుక్కి చిన్నమ్మ వరి మడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని, కొంగుతో ముఖం తుడుచుకొని మరీ కూర్చుంది. మీ పుస్తకంలో అన్నిటికంటే గొప్పదని ముందుమాటలో మెచ్చుకున్న పాట చదివాను. గుంజను పట్టుకొని, నాకు యాడి లేదని ఏడ్చే మాటలు వచ్చాయి. చిన్నమ్మ తల ఊపుతూ వింటున్నది. ఆ వెంటనే, 'యాడీ, కొంగుకు బాటి కడుతున్నావు' అని వచ్చింది.

"ఆగు" అంది. "మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"నాకు యాడి లేదంటి గద. సచ్చిన మనిషి బాటి ఎట్ల గడ్తది?"

"రెండూ కలిపి రాసిన్రు చిన్నమ్మా."

"ఎవలు? మన పంతులమ్మనా? గీన్నే కూసోని ఇన్నది గద ఆమె. భూలి ఏడిస్తె భూలి దిక్కు సూసింది, నేను ఏడిస్తె నా దిక్కు సూసింది. ఇద్దరం కనవడలేదా?"

చిన్నమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది: "యాడి లేదనేదే నా ఏడుపు. గది గూడ నాకు లేకుండ జేసింది."

ఆ తర్వాత ఆమె మొండికేసింది. పెట్టెలో తన పేరు నిజంగా ఉందో లేదో చూస్తానంది. బస్సులో కూర్చోపెట్టుకొని హుజూర్‌నగర్ మీదుగా కోదాడ తీసుకుపోయాను. దావీదన్న ఎమ్యులేటర్ నడిపించాడు. నేను ఒక్కొక్క మాటా చదివి వినిపించాను. ఇందులో ఎవరూ ఏదీ కలపలేదు. సుక్కిది సుక్కిది, భూలిది భూలిది. "నా పేరు ఏడున్నది?" అంటే దావీదన్న ఆమె వేలు పట్టుకొని తెర అద్దం మీద పెట్టాడు. ఆమె వేలు తీయలేదు.

"గిది ఎన్నొద్దులు ఉంటది బిడ్డా?"

"ఈ కంప్యూటర్ ఉన్నన్ని రోజులు అవ్వా. ఇది పాతవడితే, దీని వేషం ఇంకో దానిల కట్టాలె. నేను కడ్త."

"నువ్వు లేకుంటే?"

దావీదన్న ఆమెకు సోడా తెప్పించాడు.

చిన్నమ్మ బయట సోడా తాగుతున్నప్పుడు ఆయన నాతో అన్నాడు: "అరుంధతి మేడంకు కూడా గిట్లనే పేజీ పేజీ చూపించిన చెల్లె. పేర్లు రాసుకోండి, తర్వాత కలగాపులగం అయితది అన్న. జానపదానికి కర్త ఉండడు దావీదు గారూ అన్నది."

అంటే మీకు తెలియక జరగలేదు. కంప్యూటర్ పేర్లు పోగొట్టలేదు. ఆ పాత పెట్టె కూడా పోగొట్టలేదు, దాని వేషం కట్టిన కొత్త పెట్టె కూడా పోగొట్టలేదు. బూజు కూడా కేళి పేరు తినలేదు. మీరే తీసేశారు. ఇది నిజమా కాదా, ఒక్క మాట రాయండి.

కమల


సూర్యాపేట
16 ఫిబ్రవరి 1998

కమలా,

'గారు' పెట్టి రాశావు. సరే, అది నీ ఇష్టం.

నిజమే. చూశాను. పేర్లు పసుపు పట్టీలో కనపడ్డాయి. పెట్టకూడదని అనుకున్నాను. పాటకు పాట విడిగా, ఒక్కోదాని కింద ఒక పేరు పెడితే అది సేకరణ అవుతుంది తప్ప పుస్తకం కాదు, అని ముందుమాట రాసిన పెద్దలు నాకు చెప్పారు. ఉన్నవాటిలో మేలైన పాదాలు ఏరి, అతికించి, సంపూర్ణ పాఠం తయారు చేయడం పరిశోధకులందరూ చేసేదే. నేను కొత్తగా కనిపెట్టిన పాపం కాదు.

ఇంకో మాట. చచ్చిపోయిన తల్లి కూతురి కొంగుకు రొట్టె కట్టడం అనే భావం చదివి ఎంతమంది కన్నీళ్లు పెట్టుకున్నారో నీకు తెలియదు. తెలుగులో అంత గొప్ప ప్రతీక అరుదు అని సమీక్షలో రాశారు. మీ తండా పేరు పత్రికలో వచ్చింది. అది నేను తెచ్చింది.

నీ పెట్టెలో బూజు పడుతుంటే ఎనిమిదేళ్లు నువ్వు తీసి చూడలేదు. యాడి పోయాక గుర్తొచ్చింది. నేను లేకపోతే ఇవాళ్టికీ అవి అక్కడే ఉండేవి. కోదాడలో ఒక గదిలో, ఒక మనిషి మీట నొక్కితే తప్ప కనపడని దాన్ని కాపాడటం అంటావా? దాన్ని ఎవరు చదువుతారు? సుక్కి ఒక్కతి వేలు పెట్టి చూస్తే సరిపోతుందా?

ఆ బడిలో, ఈ కాలేజీలో కలిపి నేను పన్నెండేళ్లు ప్రతి జూన్‌లో ఎవరో ఒకరి గది ముందు నిలబడ్డాను. నాకు మొన్న ఆర్డరు వచ్చింది. తాత్కాలికం కాదు. ఈ పుస్తకం వల్లే వచ్చింది. సంతోషిస్తావనుకొని మొదట నీకే రాద్దామనుకున్నాను. అంతలో నీ ఉత్తరం.

అరుంధతి


మిర్యాలగూడ
7 మార్చి 1999

అరుంధతి గారికి,

మీకు మళ్లీ రాయననే అనుకున్నాను. మీ పోయినేటి ఉత్తరానికి జవాబు రాసి చించేశాను. ఎనిమిదేళ్లు నేను తీసి చూడలేదన్న మాట నిజం. అది నాకు తగిలింది. తగలాలనే రాశారు.

ఇప్పుడు రాయక తప్పలేదు. మీ సాహితీ సంఘం వాళ్లు హైస్కూలు పిల్లలకు పెట్టిన తెలుగు ప్రతిభా పరీక్ష మా బడిలో కూడా జరిగింది. పేపర్లు దిద్దే పని నాకు పడింది. ప్రశ్నపత్రం తయారు చేసింది మీరని, జవాబుల కాగితం మీద మీ చేతి రాత చూడగానే తెలిసింది. ఆ రాత నాకు తెలియకపోవడం ఏమిటి?

మీ పుస్తకంలోని ఆ పాట ఇచ్చి, 'మరణించిన తల్లి కూతురి కొంగుకు బాటి కట్టడంలోని ప్రతీకాత్మకతను వివరించండి' అని అడిగారు. మా పిల్లలు బాగానే రాశారు. తల్లి ప్రేమకు చావు లేదని ఒకరు, ఆత్మ రూపంలో వచ్చిందని ఒకరు. మీ జవాబుతో సరిపోయిన వాళ్లకు సరిపోయినట్టు మార్కులు వేశాను. నా చేత్తోనే వేశాను. వేస్తుంటే ఎట్లా ఉందో మీకు రాయను.

మా తండా కిష్ట్యా కూతురు లక్ష్మి తొమ్మిదో తరగతి. సుక్కి చిన్నమ్మకు మనుమరాలు. ఆమె ఇట్లా రాసింది: 'ఇందులో ప్రతీక లేదు. తల్లి చనిపోయింది మా అవ్వ సుక్కికి. బాటి కట్టింది భూలి అవ్వ వాళ్ల తల్లి. ఇద్దరు వేరే వేరే మనుషులు. ఇది తప్పు అచ్చు పడింది.'

తప్పు అచ్చు పడిందట. పాపం, అంతకంటే చెడుగా అనుకోవడం ఆ పిల్లకు ఇంకా రాదు.

పరీక్ష నుంచి బయటికి వచ్చి నన్ను వరండాలో ఆపింది. "టీచర్, నేను కరెక్టే రాసిన గద? మా అవ్వను అడిగి సూడుండ్రి" అంది. ఏం రాసిందో చెబితే విని, కరెక్టే రాశావన్నాను. మీ జవాబు కాగితం ప్రకారం ఆ పిల్లకు సున్నా వేయాలి.

సుక్కి చిన్నమ్మ ఇప్పుడు ఎవరు అడిగినా నోరు తెరవదు. మొన్న మోతె నుంచి ఎవరో కాగితం, కలం పట్టుకొని పాటల కోసం వస్తే, "మాకు ఏడుపులు లేవు, పోండ్రి" అని పంపేసింది. ఇంట్లో పెళ్లయినా ఆమె ముందు ఎవరూ ఏడవడం లేదు, మళ్లీ గుర్తు చేసుకుంటుందని. దావీదన్న సెంటరు నడవడం కష్టంగా ఉంది. అయినా కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు ముందు మన ఎమ్యులేటర్ అందులో నడుస్తుందో లేదో చూసుకున్నాకే అకౌంట్ల ప్రోగ్రాం ఎక్కించాడు. ఇవన్నీ మీకు ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. అలవాటు కాబోలు.

లక్ష్మి పేపరు దీనితో పంపుతున్నాను. మిగతా ప్రశ్నలన్నీ దిద్దాను. ఆ ఒక్కటి దిద్దలేదు. సున్నా వేయడానికి నా చెయ్యి రాదు. మార్కు వేస్తే మీ వాళ్లు కొట్టేస్తారు. ప్రశ్న మీది. జవాబు ఎవరిదో మీకు తెలుసు. వాకిట్లో కూర్చొని ఇద్దరి ఏడుపులూ విన్నది మీరే. మీరే దిద్ది పంపండి.

కమల


సూర్యాపేట
29 మార్చి 1999

కమల గారికి,

లక్ష్మి పేపరు తిరిగి పంపుతున్నాను.

చేతి రాత బాగుంది. వ్యాసం ఇంకా బాగుంది. మార్కులు వేసే రోజులు దాటిపోతున్నాయని సంఘం వాళ్లు రెండుసార్లు మనిషిని పంపారు. రోజూ పేపరు తీసి ముందు పెట్టుకుంటున్నాను. ఆ పిల్ల రాసింది తప్పు అని నేను రాయలేను. ఒప్పు అని రాస్తే, నా పుస్తకం తప్పని నా చేత్తో నేనే సంతకం పెట్టినట్టు. ఆ పుస్తకం తప్పయితే నాకు ఇంకేమీ మిగలదు.

ఆ ప్రశ్న దగ్గర ఏమీ రాయలేదు. మొత్తం మార్కులు మీరే కూడి వేసుకోండి.

అరుంధతి